తట్టే వంతు

జూన్ 4

అక్కా,

కవరు మీద రాత చూడగానే నేనని తెలిసిపోయి ఉంటుంది. చించి పారేయకుండా ఇక్కడిదాకా చదివావంటే అదే పదివేలు. ఉత్తరం అన్నాక ఉభయకుశలోపరితో మొదలుపెట్టాలి కదా. తొమ్మిదేళ్ళుగా మాటల్లేని అక్కాతమ్ముళ్ళ మధ్య ఆ ముక్క ఎలా రాయాలో తెలియక మూడు కాగితాలు పాడుచేశాను. ప్రెస్సులో పనిచేసేవాడికి కాగితాలకి కరువేమిటిలే.

ఫోన్ చేయొచ్చుగా అనుకుంటావు. నాలుగుసార్లు చేశాను. నీ గొంతు వినపడగానే పెట్టేశాను. పైగా ఈమధ్య నాకు ఫోన్లో మాట్లాడుతూ మాట్లాడుతూనే నిద్ర ముంచుకొచ్చేది. అవతలివాళ్ళు హలో హలో అంటుంటే ఇవతల నేను గురక పెట్టేవాణ్ణి. నీ దగ్గర అలా జరిగితే ఇంకేమైనా ఉందా? అందుకే కలం పట్టాను.

సంగతి ఇది. నేనింకా ఆ పాత ప్రెస్సులోనే, బైండింగులోనే ఉన్నాను. కాగితాలు కోసే మెషీన్ నాదే. కట్ట సర్ది, పైనుంచి బిగించి, రెండు చేతులతో రెండు బటన్లు ఒకేసారి నొక్కితే తప్ప బ్లేడు దిగదు. ఆ రెండో బటనే ఇవాళ నాకు పది వేళ్ళు మిగిల్చింది. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం కట్ట సర్దుతూ సర్దుతూ నిలబడే నిద్రపోయాను. నుదురు వెళ్ళి మెషీన్ ఇనుముకి కొట్టుకుంది. నాలుగు కుట్లు. యజమాని ముందు తిట్టాడు, తర్వాత ఆయనే డాక్టరు దగ్గరికి పంపాడు.

ఒక రాత్రంతా ఒంటినిండా వైర్లు పెట్టి చూశారు. నిద్రలో నా గొంతు దారి మూసుకుపోతోందట. ఊపిరి ఆగుతుంది, మెదడు కంగారుపడి లేపుతుంది, మళ్ళీ నిద్ర, మళ్ళీ ఆగడం. గంటకి నలభై ఆరుసార్లట. లేచిన సంగతి మనకి తెలియదు. స్లీప్ ఆప్నియా అంటారు. ఇప్పుడు ముక్కుకి మాస్కు పెట్టుకుని పడుకుంటున్నాను. పక్కన చిన్న డబ్బా లాంటి మెషీన్ ఉంటుంది, రాత్రంతా గాలి ఊది ఆ దారి తెరిచి ఉంచుతుంది.

ఆసుపత్రిలో నాన్న పక్కన నేను నిద్రపోయిన రాత్రికి సంజాయిషీగా ఇదంతా రాయడం లేదు. నువ్వన్న మాట తిరిగి తీసుకోమని అడిగే ముఖం కూడా నాకు లేదు. డాక్టరు ఇది ఒకే రక్తంలో నడుస్తుందన్నాడు. నాన్నకీ ఇదే అయ్యుంటుందన్నాడు. తోడబుట్టినవాళ్ళుంటే చూపించుకోమని చెప్పమన్నాడు. నాకు తోడబుట్టింది నువ్వొక్కదానివే. నువ్వూ గురక పెట్టేదానివి. వెళ్ళి టెస్టు చేయించుకో అక్కా. పడుకునేటప్పుడు కళ్ళజోడు తీసేయమంటారు, ముందే చెబుతున్నాను. కళ్ళజోడుతోనే నిద్రపోయే అలవాటు నీకు పోయిందో లేదో.

బావకి నా నమస్కారాలు చెప్పు. చెప్పాలనిపిస్తేనే.

తమ్ముడు


జూన్ 19

తమ్ముడికి,

ఉత్తరం అందింది. చదివాను. రెండుసార్లు చదివానని రాయకూడదనుకున్నాను, రాసేశాను.

నీ నుదురు మానిందనుకుంటాను. వేళ్ళు మిగిలినందుకు సంతోషం. కానీ ఒకటి చెప్పు. తొమ్మిదేళ్ళు ఉలుకూ పలుకూ లేకుండా ఉండి, ఇప్పుడు చేతిలో డాక్టరు కాగితం ఉంది కాబట్టి నా గుమ్మం తొక్కుతున్నావా? సంజాయిషీ కాదంటూనే రెండు పేజీల సంజాయిషీ రాశావు. నేను కళ్ళజోళ్ళ షాపులో ఇరవై రెండేళ్ళుగా మనుషుల కళ్ళలోకి చూసే పని చేస్తున్నాను. ఎవరు కనపడకపోయినా కనపడిందంటున్నారో నాకు తెలుసు.

నువ్వు మరిచిపోయావేమో, నేను మరిచిపోలేదు. నాన్నకి హెర్నియా ఆపరేషన్ అయిన రాత్రి. నొప్పి తెలియకుండా మందిచ్చారు. వార్డులో ఒక్కరే ఉండాలన్నారు. రెండింటిదాకా నువ్వు, రెండు తర్వాత నేను. వరండాలో బెంచీ మీద నడుం వాల్చాను. రెండింటికి వచ్చి లేపమని నీకు రెండుసార్లు చెప్పాను. మెలకువ వచ్చేసరికి అయిదు. కళ్ళజోడు కూడా వెతుక్కోకుండా పరిగెత్తుకొచ్చాను. నువ్వు మంచం ఊచ మీద తల పెట్టి గురక పెడుతున్నావు. నాన్న చెయ్యి చల్లగా ఉంది. నాలుగు గంటల ప్రాంతంలో పోయారన్నారు.

నాన్న ఊపిరి ఆగితే తట్టాలని నీకెవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. అక్షరాలు రాకముందు నుంచీ తెలుసు. నీకు నిద్ర వచ్చింది, సరే. మనిషన్నాక వస్తుంది. వరండా దాకా వచ్చి నన్ను లేపి ఉంటే చాలు. ఇరవై అడుగులు. అదీ చేతకాలేదు. మర్నాడు అందరి ముందూ "తట్టే వంతు వాడిది, వాడు నిద్రపోయాడు" అన్నాను. అన్నది నిజమే కాబట్టి ఇవాళ్టికీ అదే మాట మీద ఉన్నాను.

నాకే జబ్బూ లేదు. గురక అందరికీ ఉంటుంది. మీ బావ ముందుగదిలో పడుకుంటున్నది అక్కడ గాలి బాగా వస్తుందని. మరదల్ని, పిల్లని అడిగానని చెప్పు.

అక్క


జూలై 2

అక్కా,

జవాబు రాశావు. నీ మరదలు ఆ కవరుని నాకంటే ముందు పట్టుకుని, ఇవ్వకుండా కాసేపు ఏడిపించింది. నీ మేనకోడలు ఇప్పుడు ఎనిమిదో క్లాసు. నన్ను ఏనుగు నాన్న అంటోంది, మాస్కుకి తొండంలాంటి గొట్టం ఉంటుంది కదా, అందుకని.

లేపలేదని రాశావు. దానికి నా దగ్గర జవాబు లేదు. అది వదిలేయ్.

మాస్కు సంగతి చెబుతాను, నీకు భయం పోవాలి కాబట్టి. మొదటి వారం నరకమే. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నవాడు ఎవడోగానీ వాడికి ఈ మాస్కు పెట్టి పడుకోబెట్టాలి. నోరు తెరిస్తే గాలి బుస్సుమంటుంది. ముక్కు దూలం మీద పుండు పడింది. గొట్టంలో నీళ్ళు చేరి గొంతులో పడినట్టయి రెండుసార్లు లేచి కూర్చున్నాను. బుగ్గల మీద పట్టీల గీతలు పొద్దున పదింటిదాకా పోవు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పెద్దాయన చూసి, రాత్రి ఇంట్లో ఏమైనా గొడవా అని మెల్లగా అడిగాడు. మరదలి కష్టం వేరు. పదహారేళ్ళు చెవుల్లో దూది పెట్టుకుని పడుకున్న మనిషి, ఇప్పుడు చప్పుడు లేదని నిద్రపట్టక, బతికే ఉన్నానా అని లేచి చూస్తోంది.

పదో రోజు పొద్దున కళ్ళు తెరిస్తే గది ఎవరో కడిగినట్టుంది. తలనొప్పి లేదు. కాళ్ళు నావేనా అనిపించింది. అందరికీ రోజూ తెల్లారేది ఇలాగేనా అని మరదల్ని అడిగాను. అది నవ్వలేదు, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అప్పటినుంచీ మన తట్టే వంతులే గుర్తొస్తున్నాయి. నాన్న మధ్యలో, నువ్వో పక్క, నేనో పక్క. గురక ఆగితే పక్కటెముకల మీద మోచేత్తో తట్టాలి. సోమ, బుధ, శుక్రవారాలు నీవి. మంగళ, గురు, శనివారాలు నావి. ఆదివారం అమ్మది. తట్టాక మళ్ళీ ఊపిరి వినపడేదాకా తల దించకూడదని అమ్మ రూలు. నువ్వు నీ వంతులు నాకు అంటగట్టేదానివి, వంతుకి ఒక రంగు పెన్సిలు ఇచ్చి. నా డబ్బాలో నీ పెన్సిళ్ళే ఎక్కువ ఉండేవి. అన్ని ఇళ్ళలోనూ ఇలాగే ఉంటుందనుకుని మూడో క్లాసులో పక్కవాణ్ణి "మీ ఇంట్లో ఇవాళ తట్టే వంతు ఎవరిది" అని అడిగాను. వాడు క్లాసంతా చాటాడు. ఏడుస్తూ ఇంటికొస్తే నువ్వెళ్ళి వాడి టిఫిన్ డబ్బా గోడ అవతలికి విసిరొచ్చావు.

అది జబ్బని మనకి ఎవరూ చెప్పలేదు. మోచేత్తో తట్టి ముప్ఫై ఏళ్ళు నెట్టుకొచ్చాం. ఇప్పుడు మెషీన్ ఉంది, మనం తట్టక్కర్లేదు. ఒక్కసారి వెళ్ళి చూపించుకో.

నీ పెన్సిళ్ళు పుచ్చుకున్న,
తమ్ముడు


జూలై 27

ఒరేయ్,

ఆ టిఫిన్ డబ్బాకి నాన్న చేతిలో నాకు పడ్డ దెబ్బలు నీకు తెలియవు. నువ్వప్పటికే నిద్రపోయావు. నువ్వెప్పుడు మేలుకున్నావు కనుక.

పెన్సిళ్ళ ముక్క చదివి నవ్వాను. మీ బావ తొంగి చూసి, ఏమిటని అడిగాడు. ఏమీ లేదన్నాను. తర్వాత కోపం వచ్చింది. లేపలేదన్నదానికి జవాబు లేదన్నావు. దొరికిపోయినవాడికి జవాబెక్కడిది? ఒప్పుకున్నట్టే తీసుకున్నాను. ఒప్పుకోవడానికి తొమ్మిదేళ్ళు పట్టింది నీకు.

నా సంగతి రాయకూడదనుకున్నాను. కానీ ఎవరికీ చెప్పకుండా ఉంటే కడుపు ఉబ్బిపోయేలా ఉంది. షాపులో చీకటి గదిలో ఒక లెక్చరరుగారి కళ్ళు పరీక్ష చేస్తున్నాను. ఇనుప ఫ్రేము పెట్టి, అద్దాలు మార్చి, మొదటిది బాగుందా, రెండోదా అని అడిగాను. అడిగినదాన్ని అడిగినట్టే స్టూలు మీద కునికాను. ఆయన పాపం మర్యాదస్తుడు. చీకట్లో ఆ ఫ్రేముతో పది నిమిషాలు కూర్చుని, చివరికి దగ్గి, "అమ్మా, రెండోదే బాగుందండీ" అన్నారట. షాపంతా నవ్వింది. నేనూ నవ్వాను.

పోయిన వారం నవ్వు రాలేదు. ఒకాయనకి కుడి పవరు ఎడమకి, ఎడమది కుడికి రాసి పంపాను. ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ చేయని తప్పు. ఆయన కొత్త కళ్ళజోడుతో మెట్లు దిగుతూ పడ్డాడు. చెయ్యి బెణికింది, అంతటితో పోయింది. ఓనరు తన జేబులోంచి ఆయనకి కొత్త అద్దాలు వేయించి ఇచ్చాడు. అదే బాధగా ఉంది. మీ బావ నా గురక ఫోన్లో రికార్డు చేసి వినిపించాడు. మధ్యలో ఆగిపోయి, చాలాసేపు ఏమీ లేదు. నాన్న గుర్తొచ్చాడు. ఆపేయమన్నాను. ముందుగదిలో గాలి సంగతి కూడా ఆయన అప్పుడే ఒప్పుకున్నాడు.

అయినా నేను ఏ టెస్టుకీ వెళ్ళను. నాకూ అదే జబ్బని తేలితే నిన్ను క్షమించాల్సి వస్తుందేమోనని నీ ఆశ. అది జరగదు.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. మూడేళ్ళ కింద అమ్మ పోయినప్పుడు నువ్వొచ్చి గేటు దగ్గరే నిలబడి వెళ్ళిపోయావు. పోయే ముందు వారం రోజులూ అమ్మ నీ గురించే అడిగింది. "వాడు నిజంగానే నిద్రపోయాడంటావా? వంతు వాడెప్పుడూ తప్పలేదే" అంది. నా కళ్ళతో చూశానమ్మా అన్నాను. గోడవైపు తిరిగి పడుకుంది. నీకు తెలియాలని రాశాను. తెలిసి బాధపడాలనో, మరెందుకో నాకే తెలియదు.

అక్క


ఆగస్టు 8

అక్కా,

అమ్మ గోడవైపు తిరిగిందన్నచోట ఆగిపోయాను. ఆ తర్వాత ఏం రాశావో మర్నాడు చదివాను.

అమ్మ అలా అడిగిందని తెలిస్తే గేటు దాటి లోపలికి వచ్చేవాణ్ణేమో. వచ్చి ఏం చెప్పేవాణ్ణో మాత్రం తెలియదు. ఇప్పుడు ఎవరికి చెప్పాలి, వదిలేయ్.

నా మెషీన్ తీసి బీరువా పైన పెట్టి అయిదు రోజులైంది. నీ మీద కోపంతో కాదు. అసలు మొదటినుంచీ నాకొక బాధ ఉంది, ఎవరికీ చెప్పలేదు. ఆ పదో రోజు పొద్దున హాయిగా లేచినప్పుడు సంతోషం ఒక్క నిమిషమే ఉంది. తర్వాత నాన్న గుర్తొచ్చాడు. ఆయనకి అలాంటి పొద్దున ఒక్కటి కూడా తెలియదు. పగలంతా కునుకుతూ, సోమరి అని ఊరందరి చేతా అనిపించుకుంటూ పోయాడు. మనమూ అన్నాం. ఈ డబ్బా ఆ రాత్రి ఆయన పక్కన ఉండి ఉంటే నీకూ నాకూ వంతులే అక్కర్లేదు. మాస్కు పెట్టుకున్న ప్రతిసారీ ఆయనది లాక్కుని పెట్టుకున్నట్టుంటుంది. నీ ఉత్తరం చదివాక ఇంక చేతులు రాలేదు.

నేను మెషీన్ వాడటం లేదని మరదలు ప్రెస్సు యజమానికి చెప్పేసింది. ఆయన నన్ను కోత నుంచి తప్పించి, మడిచిన అచ్చు ఫారాలు లెక్కపెట్టే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. లెక్క ఎప్పుడూ తప్పుతోంది.

నీకు గుర్తుందా, జ్వరమొస్తే మనిద్దరికీ ఒకటే చేదు మందు పోసేవాళ్ళు. నువ్వు తాగితేనే నేను తాగుతానని నోరు మూసుకుని కూర్చునేవాణ్ణి. నువ్వు ఛీ అంటూ తాగి, ఖాళీ గ్లాసు నా ముందు బోర్లించేదానివి. ఇప్పుడూ అంతే. టెస్టు చేయించుకున్నానని నీ చేత్తో రాసిన ఉత్తరం వచ్చిన రోజున నేను మెషీన్ కిందికి దించుతాను. అప్పటిదాకా అది బీరువా మీదే ఉంటుంది. నన్ను క్షమించక్కర్లేదు. మెట్ల మీద ఇంకెవరూ పడకుండా చూసుకో, అంతే.

నోరు మూసుకుని కూర్చున్న,
తమ్ముడు


సెప్టెంబరు 1

ఒరేయ్ మొద్దూ,

మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. నీ పెళ్ళాం నాకు ఫోన్ చేసి ఏడ్చింది. తొమ్మిదేళ్ళ తర్వాత ఆ పిల్ల గొంతు వినడం, అదీ ఏడుపుగా. మర్నాడే వెళ్ళి పేరు రాయించుకున్నాను. నా టెస్టు అయింది. ఇదిగో నా చేత్తోనే రాస్తున్నాను. ముందు ఆ మెషీన్ కిందికి దించి, తర్వాత మిగతాది చదువు.

దించావా?

గంటకి యాభై రెండుసార్లట. నీకంటే ఆరు ఎక్కువ. పెద్దదాన్ని కదా, ఆమాత్రం ఉండాలి. నెత్తి మీద జిగురు పెట్టి వైర్లు అంటించారు. మూడుసార్లు తలంటుకున్నా వదల్లేదు. టెస్టు చేసే పిల్ల చాలా మర్యాదగా, కళ్ళజోడు తీసి ఇవ్వండమ్మా అని చెయ్యి చాపింది. నీ మాట గుర్తొచ్చి నవ్వాను.

ఇక అసలు సంగతి. పొద్దున ఆ పిల్ల నాతో, రాత్రి మిమ్మల్ని లేపాల్సి వచ్చింది, ఏమీ అనుకోకండి అంది. నన్నెవరూ లేపలేదే అన్నాను. రెండు దాటాక వేలికి పెట్టిన క్లిప్పు ఊడిపోయిందట. వచ్చి నా భుజం తట్టిందట. నేను లేచి కూర్చుని, కళ్ళు తెరిచి ఆ పిల్ల ముఖంలోకి చూసి, మాట్లాడానట. నేను నమ్మలేదు. వాళ్ళు రాత్రంతా వీడియో తీస్తారు. చూపించమన్నాను.

చూశాను. నేనే. లేచి కూర్చున్నాను. "వస్తున్నా, నువ్వెళ్ళు" అన్నాను. స్పష్టంగా, షాపులో మాట్లాడినట్టే అన్నాను. ఆ పిల్ల క్లిప్పు పెట్టి అటు తిరగగానే పడుకున్నాను. నాకు ఒక్క ముక్క గుర్తులేదు. ఇప్పటికీ లేదు. డాక్టరుని అడిగితే, ఇంత జబ్బు ఉన్నవాళ్ళు లేపితే లేస్తారు, జవాబు కూడా చెబుతారు, పొద్దున ఏమీ గుర్తుండదు, మామూలే అన్నాడు. ఆయనకి మామూలే. నాకు కాదు.

ఎవరితో అన్నానురా ఆ మాట? ఆ పిల్లని నేనెక్కడికి వెళ్ళమంటాను?

ఇంటికొచ్చి నీ ఉత్తరాలన్నీ ముందేసుకున్నాను. నీ మొదటి ఉత్తరం నుంచీ మళ్ళీ చదివాను. లేపలేదని నేను రాసిన ప్రతిసారీ నువ్వు వదిలేయ్ అన్నావు గానీ, లేపలేదని నువ్వు ఎక్కడా రాయలేదు. ఒక్క మాట అడుగుతాను, దాచకు. ఆ రాత్రి రెండింటికి నువ్వొచ్చి నన్ను లేపావా?

అక్క


సెప్టెంబరు 9

అక్కా,

నీ ఉత్తరం చేతిలో పట్టుకునే కుర్చీ ఎక్కి మెషీన్ దించాను. మేనకోడలు చప్పట్లు కొట్టింది. నాలుగు రాత్రులైంది. నీ మెషీన్ ఎప్పుడొస్తుంది? మాస్కు కొనేటప్పుడు సైజులు పెట్టి చూడందే తీసుకోకు. ముక్కు దూలం దగ్గర మెత్తటి గుడ్డ ముక్క పెట్టుకో. గొట్టాన్ని తల వైపు నుంచి పైకి వేలాడేలా చూసుకో, పక్కకి తిరిగినా లాగదు. ఉదయం మాస్కు సబ్బునీళ్ళతో కడగాలి. మొదటి వారం ఎవరేమన్నా తీసి అవతల పారేయకు.

నువ్వు అడిగినదానికి జవాబు. లేపలేదక్కా. నేనే నిద్రపోయాను. నీకు ఆ వీడియో చూశాక మనసు పాడయి ఏదేదో తోస్తోంది. ఆ రాత్రి నేను వార్డు గుమ్మం దాటి అడుగు బయట పెట్టలేదు. నువ్వన్నదే నిజం. ఇన్నేళ్ళు దానికి అలవాటు పడ్డాను, పెద్ద బరువుగా కూడా లేదు. అమ్మ నీ మాట నమ్మి పోయింది, అదలాగే ఉండనీ.

పైగా మా డాక్టరుతో ఆ రాత్రి సంగతంతా చెప్పాను. మెలకువగా ఉండి తట్టినా బతికేవారని ఎవరూ చెప్పలేరు అన్నాడు. బతికేవారు కాదని కూడా చెప్పలేదనుకో. ఇప్పుడు తవ్వి ఏం బావుకుంటాం? తిలా పాపం తలా పిడికెడు అనుకుని ఇద్దరం హాయిగా నిద్రపోదాం. మన ఇంట్లో ఎవరూ చేయని పని అది.

బావని ముందుగదిలోంచి పిలిపించు.

తమ్ముడు


సెప్టెంబరు 20

తమ్ముడూ,

అబద్ధం చెప్పడం నీకు చిన్నప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. వార్డు గుమ్మం దాటలేదన్నావు. ఆ ఒక్క ముక్క రాయకుండా ఉంటే నమ్మి ఊరుకునేదాన్ని.

ఆ రాత్రి నేను కళ్ళజోడుతోనే బెంచీ మీద పడుకున్నాను. అయిదింటికి లేచేసరికి కళ్ళకి లేదు. తర్వాత ఆయా నా సంచీ తెచ్చిచ్చింది. అందులో కళ్ళజోడు ఒక రుమాల్లో చుట్టి ఉంది. ఆయాయే చుట్టిందనుకున్నాను. ఆ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకోబుద్ధి కాలేదు. రుమాలు విప్పకుండా అలాగే షాపులో నా సొరుగు అడుగున పడేశాను. తొమ్మిదేళ్ళు అక్కడే ఉంది. నీ ఉత్తరం చదివి వెళ్ళి తీశాను.

నీలం గళ్ళ రుమాలు. ఒక మూల అట్టలా గట్టిగా ఉంది. గోటితో గీకి వాసన చూశాను. బైండింగు జిగురు. ఆసుపత్రిలో జిగురు రుమాలుతో తిరిగే ఆయా ఎవరురా? కళ్ళజోడు కింద పడి ఉంటుంది. ఎవరి కాలి కిందైనా పడుతుందని తీసి, గీతలు పడకుండా చుట్టి పెట్టావు. నన్ను లేపావు. వస్తున్నా నువ్వెళ్ళు అన్నాను. నమ్మి వెళ్ళి కూర్చున్నావు. నేను వస్తున్నానన్న ధీమాతోనే నీకు నిద్రపట్టి ఉంటుంది.

మర్నాడు అందరి ముందూ నేను ఆ మాట అన్నప్పుడు నువ్వు తల ఎత్తి నన్ను చూశావు. సిగ్గు లేదా, ఇంకా చూస్తున్నాడు అనుకున్నాను. అప్పుడే నోరు విప్పి ఉంటే ఆ నింద నేను పడి ఉండేదాన్ని, అమ్మ నన్ను చూసి గోడవైపు తిరిగి ఉండేది. అందుకేనా? జవాబు రాయకు. వదిలేయ్ అంటావు, తెలుసు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. అయినా తీసుకుంటున్నాను. నలుగురిలో అన్న మాట నలుగురికీ చెప్పాలి. బాబాయికి, ఇద్దరు పిన్నులకి, పెద్దత్తకి, నాన్న స్నేహితుడు పోస్టుమాస్టరుగారికి, ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళలో బతికున్న ప్రతి ఒక్కరికీ జరిగింది జరిగినట్టు రాశాను. మీ బావ ఫోన్లో అందరికీ ఒకేసారి పంపొచ్చుగా అన్నాడు. ఒకేసారి అనేసిన మాటే ఇంత పని చేసిందని చెప్పి, విడివిడిగా చేత్తోనే రాశాను. పదకొండు ఉత్తరాలు. పది పోస్టు చేశాను.

నా మెషీన్ వచ్చింది. నాలుగో రాత్రి గడిచాక నేనూ ఆ కడిగిన గది చూశాను. లేచి, నాన్న కోసం ఏడ్చాను. నీ తొమ్మిదేళ్ళ కోసం కూడా ఏడ్చాను. మధ్యగదిలో గోడకి రెండు ప్లగ్గులు పెట్టించాను, పక్కపక్కనే. మరదల్ని, పిల్లని తీసుకుని రా. నీ రుమాలు ఉతకలేదు, వస్తే ఇస్తాను.

పదకొండో ఉత్తరం ఏ చిరునామాకి వేయాలో తెలియక నీకు పంపుతున్నాను. కవరు అంటించలేదు.

మీ అక్క

అమ్మా,

ఆ రాత్రి రెండు తర్వాత వంతు నాది. తమ్ముడు వచ్చి లేపాడు. వస్తున్నా నువ్వెళ్ళు అన్నాను, వెళ్ళలేదు. నువ్వు అడిగినప్పుడు నా కళ్ళతో చూశానన్నాను. నేను చూసింది అయిదింటికి, కళ్ళజోడు లేకుండా.

వాడు వంతు తప్పలేదమ్మా.

నీ కూతురు